పున్నారావు ఇల్లు చేరాడా?

తెనాలి,
6-11-1967.

శ్రీ సింగరయ్యగారికి తెనాలి శ్రవణ సంఘం కార్యదర్శి జనార్దనరావు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

కిందటి నెలలో మీ గోగులంక వచ్చి టేపురికార్డరులో పట్టుకొచ్చిన పాటలను నిన్న సాయంత్రం మా హాల్లో వినిపించాం. అరవైమంది వచ్చారు. కృష్ణానది మధ్య లంకలనుంచి కూరగాయలు వస్తాయని తప్ప పాటలు కూడా వస్తాయని ఎరగనివాళ్ళే అందరూ. అందుకని ఒక్కో పాటకి ముందు, ఇది పసుపు తవ్వేటప్పుడు పాడేది, ఇది ఏతం తొక్కేటప్పుడు పాడేది అని నేనే చెప్పుకొచ్చాను. బుద్ధిగా విన్నారు.

చివర మీ ఆఖరి పడవ పాట పెట్టాను.

పొద్దు వాలిందోయ్, ఆఖరి పడవోయ్
సంతకెళ్ళినోళ్ళందరూ ఎక్కినారోయ్
పున్నారావొక్కడే రాలేదోయ్
పున్నారావో, పడవ కదిలిందోయ్

అక్కడికి టేపు స్పూలు అయిపోయింది. రాగం గురించీ తాళం గురించీ ఎవరైనా అడుగుతారని జవాబులు రెండు పేజీలు రాసిపెట్టుకున్నాను. ఒక్కరూ అడగలేదు. అరవైమందీ అడిగింది ఒకటే, పున్నారావు ఇల్లు చేరాడా అని. దయచేసి తిరుగు టపాలో తెలియజేయగలరు.

ఇట్లు,
భవదీయుడు,
జనార్దనరావు.

తా.క.: ఆ సాయంత్రం నేనూ మీ పడవలోనే ఉన్నాను కదా, నాకెందుకు తెలియదని కొందరు నిలదీశారు. ఆ సమయంలో నేను రికార్డరు మీద శబ్దం కొలిచే ముల్లు ఎర్రగీత దాటకుండా చూసుకుంటున్నానని చెప్పాను. ఎవరూ నమ్మలేదు.

---

గోగులంక,
11-11-1967.

సెక్రటరీ బాబుగారికి పడవ సింగరయ్య నమస్కారాలు. నాకు రాయడం రాదు గనుక నా భార్య గంగరత్నం చేత రాయిస్తున్నాను.

పున్నారావు చేరాడు. చేరకపోతే ఎక్కడికి పోతాడండి?

బాబుగారూ, అది ఏ పూట పాట ఆ పూటకే. సాయంత్రం కొల్లూరు వైపు రేవులో ఆఖరి పడవ కట్టు విప్పేముందు, లంకవాళ్ళలో ఎవరు ఇంకా రాలేదో వాళ్ళ పేర్లు పెట్టి పాడతాను. కరకట్ట అవతల ఉన్నవాళ్ళకి వినపడి పరిగెత్తుకొస్తారు. అప్పటికీ రాకపోతే ఎక్కినవాళ్ళని లంకలో దించి, రానివాళ్ళకోసం మళ్ళీ వెళతాను. మా నాన్న అలాగే చేశాడు. ఇరవై రెండేళ్ళుగా నేనూ అలాగే చేస్తున్నాను. నా పడవ ఎవర్నీ రేవులో వదిలి రాలేదు. నాకున్న పేరల్లా అదొక్కటే. ఈ సంగతి మీ సభలో పాట అయిపోగానే అందరికీ చదివి వినిపించండి.

ఇట్లు,
సింగరయ్య (వేలిముద్ర).

తా.క.: తమ్ముడుగారూ, ఇది గంగరత్నం రాసుకున్నది. పైదంతా ఆయన చెప్పినట్టే రాశాను. పున్నారావు ఎప్పుడు చేరాడో కూడా రాయమంటారా అని అడిగితే అక్కర్లేదన్నారు. మీ సభకి వేమూరు నుంచి వెంకట్రామయ్య అని ఒకాయన వచ్చాడట. ఆయన పున్నారావు భార్య కోటమ్మకి అన్న. మర్నాడే మొదటి పడవలో దిగి, ఆ పూట ఎక్కడ తిరుగుతున్నావని పున్నారావుని నిలదీశాడు. కొల్లూరులో పేకాడుతూ ఉండిపోయానని పున్నారావు ఒప్పుకున్నాడు. వెంకట్రామయ్య రెండు రోజులు ఇక్కడే తింటూ బుద్ధులు చెప్పి వెళ్ళాడు. పున్నారావుకి పేకముక్కలు పట్టుకోవడమే రాదు.

---

తెనాలి,
29-11-1967.

శ్రీ సింగరయ్యగారికి జనార్దనరావు నమస్కారములు.

మొన్న ఆదివారం బాపట్లలో రెండో సభ జరిగింది. మీ ఉత్తరం జేబులోనే ఉంది గానీ చదవలేదు. సంప్రదాయంగా వచ్చిన పాటకి మన మాట ఒక్కటైనా తగిలించకూడదని నా నియమం. కొత్తగా వినేవారికి పాటని పాటగానే ఇవ్వాలి.

కాకపోతే తెనాలిలో వచ్చిన చిక్కు మళ్ళీ రాకుండా, శ్రీమన్నారాయణగారనే తెలుగు లెక్చరరు చేత ముందుగా ఉపన్యాసం ఇప్పించాను. ఏరు సంసారమనీ, పడవ దేహమనీ, పున్నారావు అంటే ఆశలనే సంతలో చిక్కుకుని రేవు చేరలేకపోయిన జీవుడనీ ఆయన వివరించారు. పాట రెండు నిమిషాలు, ఉపన్యాసం నలభై నిమిషాలు. ముందు వరసలవాళ్ళు చప్పట్లు కొట్టారు.

వెనక సముద్రం ఒడ్డు నుంచి వచ్చిన బెస్తవాళ్ళు కూర్చున్నారు. పాట ఆగగానే వాళ్ళలోంచి వెంకటసుబ్బులు అనే ముసలమ్మ లేచి నిలబడింది.

"జీవుడి సంగతి తరవాత చూద్దాం. మనిషిని గట్టుమీద వదిలేసి పాడుకుంటా పోయాడేంటి ఆ పడవాయన? మావోళ్ళు వలైనా కోసేస్తారు గానీ మనిషినొదిలి రారు" అంది.

లెక్చరరుగారు తన కాగితాలు సర్దుకున్నారు. నేను రికార్డరు పెట్టె మూశాను.

ఇట్లు,
జనార్దనరావు.

తా.క.: పున్నారావుగారు సంసారా లేక వైరాగ్యంలో ఉన్నారా అన్నది శ్రీమన్నారాయణగారికి వెంటనే కావాలి. వ్యాసం రాస్తున్నారు. ఒకావిడ, పాపం గట్టుమీద చలిగా ఉంటుందని పున్నారావుకి దుప్పటి ఇచ్చారు. పార్శిల్లో పంపుతున్నాను.

---

గోగులంక,
6-12-1967.

సెక్రటరీ బాబుగారికి సింగరయ్య రాయించేది.

పున్నారావు జీవుడు కాదండి. ముప్పై సెంట్లలో దొండపాదులు వేసుకున్న మనిషి. పడవ దేహం కాదు, టేకుచెక్కతో చేసింది, పోయినేడే తారు పూశాను. ఏరు ఏరే.

ఆ బాపట్ల ముసలమ్మ అన్నదాంట్లో తప్పు లేదు. నేనైనా అదే అందును. కానీ ఆ మాట నా గురించి అనిపించుకోవలసి వచ్చింది. చేరాడని చదవమంటే మీరు చదవలేదు. నా గొంతు పట్టుకెళ్ళి, సరిగ్గా నేను మనిషిని వదిలి వెళుతున్నచోట ఆపి, ఊరూరా వినిపిస్తున్నారు. ఇక ఆ పాట పెట్టకండి.

ఇట్లు,
సింగరయ్య.

తా.క.: తమ్ముడుగారూ, దుప్పటి అందింది. మంచి దుప్పటి. ఇంకొంచెం ముందొచ్చి ఉంటే బాగుండేదని పున్నారావు అన్నాడు. మీ ఉత్తరం నేను పైకి చదవడం విని, లంకలో పిల్లలందరూ అతన్ని జీవుడుగారూ అని పిలుస్తున్నారు. జీవుడైతే ఏంటి, బిందెడు నీళ్ళు మోసుకొచ్చి కూర్చోమంది కోటమ్మ. సంసారా వైరాగ్యమా అని అడిగారు కదా, లెక్చరరుగారికి ఈ సంగతి రాయండి.

---

తెనాలి,
13-12-1967.

పూజ్యులైన సింగరయ్యగారికి జనార్దనరావు అనేక నమస్కారములు.

మీ కోపానికి కారణం ఇప్పటికి అర్థమైంది. రెండు ఊళ్ళలో మీ పాట వినిపించి మిమ్మల్ని ఒక్కచోటికీ పిలవలేదు. కండువా కప్పలేదు, దండ వెయ్యలేదు. తప్పు మాదే. క్షమించాలి.

జనవరి ఏడో తారీకు ఆదివారం రేపల్లెలో మూడో సభ. మీరే స్వయంగా వచ్చి వేదిక మీద పాడాలి. పున్నారావుగారు మీ పక్కనే కుర్చీలో కూర్చుంటారు. పాట కాగానే లేచి జనానికి నమస్కారం పెడితే చాలు, అందరి మనసులూ కుదుటపడతాయి. కరపత్రాలు అచ్చయిపోయాయి. మీ పేరు పెద్ద అక్షరాలతో, పున్నారావుగారి పేరు మధ్యరకం అక్షరాలతో వేయించాను.

ఇట్లు,
విధేయుడు,
జనార్దనరావు.

తా.క.: రేపల్లెలో ఇప్పటికే రెండు పక్షాలు లేచాయి. పున్నారావు చేరాడనేవాళ్ళది ఒకటి, చేరలేదనేవాళ్ళది ఒకటి. రెండో పక్షం పెద్దది.

---

గోగులంక,
20-12-1967.

సెక్రటరీ బాబుగారికి.

నేను రాలేను. గొంతు బాగాలేదు. ఏట్లో నీళ్ళు తీశాయి, పడవ ఇసకమేటల మీద ఎక్కకుండా చూసుకోవాలి. నేను లేకపోతే రేవు నడిపేవాళ్ళు లేరు. కండువాలూ దండలూ నాకొద్దు.

సింగరయ్య.

తా.క.: గొంతుకేం కాలేదు తమ్ముడుగారూ. నిన్న మా గేదె పక్కవాళ్ళ తోటలో పడితే ఆయన వేసిన కేక కొల్లూరులో వినపడి ఉంటుంది. కానీ మీ బాపట్ల ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచీ ఆఖరి పడవకి పాట లేదు. ఊరికే కూర్చుని, అందరూ వచ్చేదాకా చూసి, కట్టు విప్పుతున్నారు. పాట వినపడితేగాని కదిలే అలవాటు ఎవరికీ లేదు. దాంతో అందరూ సంతలో నింపాదిగా కూర్చుంటున్నారు, ఈయన రేవులో కూర్చుంటున్నారు. నేను పొయ్యి ముందు కూర్చుంటున్నాను. మా ఇంట్లో వేడి అన్నం తిని పదిహేను రోజులైంది.

---

తెనాలి,
26-12-1967.

అక్కయ్యగారైన గంగరత్నంగారికి జనార్దనరావు నమస్కరించి వ్రాయునది.

ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను. సభ సంగతి పక్కన పెట్టండి. నావల్ల ఆయన పాడటం మానేశారని తెలిసినప్పటినుంచీ నాకు స్థిమితం లేదు. ఊరి పాటలు పోకుండా ఉండాలని టేపురికార్డరు మోసుకు తిరుగుతున్న మనిషిని నేను. నేను వచ్చి వెళ్ళాక ఒక లంకలో పాట ఆగిపోయిందంటే ఇంతకన్నా సిగ్గుచేటు ఏముంటుంది?

ఆయన మాటకి విలువివ్వకుండా నా నియమం పట్టుకు వేళ్ళాడాను. అది తప్పని ఒప్పుకుంటున్నాను. కానీ ఇంత బాధకి అదొక్కటే కారణమని అనిపించడం లేదు. ఏం జరిగిందో చెప్పండి. ఆయన చెరిపెయ్యమంటే ఆ పాట టేపు మీదనుంచి చెరిపేస్తాను. రేపల్లె సభ రద్దు చేసుకుంటాను.

ఇట్లు,
తమ్ముడు,
జనార్దనరావు.

తా.క.: ఆయన కేక మళ్ళీ వేస్తే, గేదెమీదైనా సరే, నాకు ఒక కార్డు రాయండి.

---

గోగులంక,
30-12-1967.

చిరంజీవి తమ్ముడు జనార్దనరావుకి గంగరత్నం ఆశీర్వదించి రాసేది.

మీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. రెండోసారి చదవమన్నారు. ఆఖరికి, నేను చెప్పలేను, ఉన్నదున్నట్టు నువ్వే రాయి అని రేవుకి వెళ్ళిపోయారు. అందుకని రాస్తున్నాను.

మీరు వచ్చిన రోజున మీ టేపురికార్డరు చూడాలని లంకలో ఒక్కరూ ఊరు దాటలేదు. సాయంత్రమయ్యేసరికి అవతల ఒడ్డున రావలసినవాళ్ళే లేరు. ఆఖరి పడవ పాట పాడండి అని మీరు అడిగారు. రానివాళ్ళు లేకుండా ఆ పాట ఎలా పాడతారు? లేనిపోని పేరు పెట్టి పాడటం ఈయనకి చేతకాదు. అందుకని పున్నారావుని పిలిచి, నువ్వు ముందు అవతలికి దాటి కరకట్ట వెనక కూర్చో, పాట అయ్యాక రెండో తడవ వచ్చి తీసుకెళతాను అన్నారు. పున్నారావు సరేనని వెళ్ళి కూర్చున్నాడు. అప్పుడు మిమ్మల్ని అవతలి రేవుకి తీసుకెళ్ళి ఈయన పాడారు. పాటలో అబద్ధం లేదు. పున్నారావు నిజంగానే రాలేదు.

ఇవతలికి వచ్చాక మీరు ఆ పాట మాకు వినిపించారు. మన సింగరయ్య గొంతు పెట్టెలోంచి వస్తోందని జనం మళ్ళీ మళ్ళీ పెట్టించారు. తరవాత మీకు భోజనాలు. ఆ సందట్లో ఈయన మర్చిపోయారు. నేనూ మర్చిపోయాను. మొగుడు మీ దగ్గరే టేపు వింటున్నాడనుకుని కోటమ్మ పడుకుంది.

తెల్లారి మిమ్మల్ని దాటిస్తుంటే గట్టుమీద వణుకుతూ ఒకతను లేచి వచ్చి, మీ పెట్టె బస్సుదాకా మోసిపెట్టాడు, గుర్తుందా? అతనే పున్నారావు. చుట్టం ముందు ఈయన్ని చిన్నబుచ్చడం ఎందుకని నోరు విప్పలేదు. తరవాత కూడా లంకలో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. బావగారితో పేకాట అని చెప్పింది కూడా అందుకే. చేరాడు అని ఈయన రాయించింది అబద్ధం కాదు. ఎప్పుడన్నది చెప్పలేకపోయారు. ఇరవై రెండేళ్ళలో ఒక్క పూట తప్పింది, ఆ ఒక్క పూటే మీ టేపు మీదకెక్కి ఊళ్ళు తిరుగుతోంది. బాపట్ల ముసలమ్మ మాట ఈయనకి తగలరానిచోట తగిలింది.

నిన్న పున్నారావు దుప్పటి కప్పుకునే వచ్చి కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు, ఇన్నాళ్ళూ చెప్పని సంగతి. గాలి అటు వీస్తోందట, పెట్టె పాడిన పాట అవతలిదాకా చక్కగా వినపడిందట.

"పున్నారావో పడవ కదిలిందోయ్ అని వినపడ్డప్పుడల్లా, నాకోసమే వస్తన్నావనుకుని లేచి పంచె దులుపుకున్నాను బాబాయ్. పదకొండు సార్లు లేచాను" అన్నాడు.

ఈయన మొహం చూడాలి తమ్ముడుగారూ. ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. తరవాత పదకొండు సార్లా అని అడిగి, నవ్వు ఆపుకోలేకపోయారు. నేనూ నవ్వాను, నాకూ ఏడుపొచ్చింది. నిన్న సాయంత్రం ఆఖరి పడవకి పాట వినపడింది.

పాట చెరపవద్దన్నారు. రేపల్లెకి రావడం మాత్రం కుదరదు, రేవు వదలరు. వచ్చే గురువారం మీరే కొత్త స్పూలు తీసుకుని రండి. ఈసారి పాటతో ఆపకూడదు. రెండో తడవ పడవ వెళ్ళడం, గట్టుమీద మనిషిని ఎక్కించుకోవడం, ఆ మనిషి ఇవతల దిగి అన్నానికి కూర్చోవడం, అంతా టేపు మీద ఉండాలి. అదే రేపల్లెలో పెట్టుకోండి, బాపట్ల ముసలమ్మకీ వినిపించండి.

అయితే పున్నారావు వెళ్ళనంటున్నాడు. ఒకసారి చాలన్నాడు. మిగతావాళ్ళూ అతని మొహం చూసి వెనకాడుతున్నారు. అందుకని ఈయన మీ పేరు ఖాయం చేశారు. గట్టుమీద మీరు కూర్చోవాలి. జనార్దనరావొక్కడే రాలేదోయ్ అని నిన్ననే పాడి చూసుకున్నారు, బాగానే కుదిరింది. రికార్డరు సంగతి బెంగపెట్టుకోకండి. ఆ రోజు మీరు నొక్కడం చూశాను, నేను నొక్కుతాను.

ఇట్లు,
మీ అక్కయ్య,
గంగరత్నం.

తా.క.: ఆయన తప్పకుండా వస్తారు. అయినా జేబులో నాలుగు అరటిపళ్ళు పెట్టుకుని కూర్చోండి.