ఎడమ పక్కన ఉన్నది నేను

జూన్ 9, సోమవారం

మైకులో పలుకు తప్పింది. "శ్రీశైలం పోవు బస్సు" అనబోతే పళ్ళ మధ్య నుంచి గాలి పోయి ఈల వేసినట్టయింది. ప్లాట్‌ఫారం మీద ఎవరో నవ్వారు. పద్నాలుగేళ్లుగా ఈ చిన్న గదిలో కూర్చుని బస్సులు పిలుస్తున్నాను. ఎప్పుడూ ఇలా కాలేదు.

ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నాను. పైవరుస ముందు పళ్ళు సగమే ఉన్నాయి. వాడిన సుద్దముక్కల్లా... ఎప్పుడు అరిగాయో.

జూన్ 11

పొద్దున టీ తాగుతూ ఆయన అన్నారు — "నిద్దర్లో పండ్లు నూరుతాండావు. ఇప్పుడు కాదు, శానా ఏండ్ల నుంచి."

ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే నిద్దర గూడా పోవని."

జూన్ 12, గురువారం

ఊళ్ళో కోట బురుజు వెనక వీధిలో పళ్ళ ఆసుపత్రి. డాక్టరమ్మ పేరు షాహీన్. నా కూతురి వయసుంటుంది. నోట్లో చిన్న అద్దం పెట్టి చాలాసేపు చూసింది.

"ఆరు పండ్లమ్మా. పైన పొర అంతా పోయింది. ఏం ఆలోచన పెట్టుకోని నూరుతాండారు?" నవ్వుతూనే అడిగింది. ఏమీ లేదన్నాను.

గోరంత పల్చటి పింగాణీ పొరలు చేయించి పళ్ళ మీద అతికిస్తుందట. వెనీర్లు అంటారట. రాత్రి పెట్టుకోవడానికి ప్లాస్టిక్ తొడుగు కూడా ఇస్తుందట, మళ్ళీ నూరకుండా. అంతా విన్నాను. చివర్లో ఒకటి అడిగింది.

"మీ పండ్లు ముందు ఎట్లుండేవో తెలిస్తే అట్లే చేయిస్తా. పండ్లు కనపడేటట్టు నవ్విన పాత ఫోటో ఒకటి తెచ్చీండి."

జూన్ 15, ఆదివారం

చర్చి నుంచి వచ్చి ఆల్బములన్నీ మంచం మీద పోశాను. పెళ్ళి ఫోటోల్లో తల దించుకుని ఉన్నాను. పాప బాప్తిస్మం రోజు కొంగు నోటికి అడ్డం. గుర్తింపు కార్డులో పెదాలు కుట్టేసినట్టు.

ఆయన కూడా వెతికారు. "యాడ నవ్వినావే నువ్వు?" అన్నారు. వేళాకోళమే. నేను మళ్ళీ మొదటి ఆల్బం తెరిచాను.

జూన్ 16

ఒకటి ఉంది. అక్క దగ్గర.

జూన్ 19

ఆ ఫోటో నందికొట్కూరు చర్చి మెట్ల మీద తీసింది. క్రిస్మస్ పాటలైపోయాక. నాకు పందొమ్మిది, అక్కకు ఇరవై రెండు. ఫోటో తీసేవాడు "కదలొద్దు" అన్నప్పుడే అక్క నా నడుం మీద గిల్లింది. ఇద్దరం నోరంతా తెరిచి నవ్వాం. అమ్మ చెయ్యి మాత్రం పడింది, మనిషి పడలేదు.

అమ్మ మైదుకూరులో అక్క దగ్గరే పోయింది. మే నెల. ఎండకు ఉంచలేక సాయంత్రానికే మట్టి చేశారు. నేను పోయేసరికి అంతా అయిపోయింది. వాకిట్లో జనం ముందర అక్కను పట్టుకుని అన్నాను — "అమ్మను నా కంట్లో పడకుండా చేసినావు గదా. నువ్వు మనిషివేనా?"

అక్క చెంబు తీసుకుని లోపలికి పోయింది.

అక్కతో మాట్లాడి ఆరేళ్ళు.

జూన్ 20

ఈరోజు నాలుగుసార్లు పిలిచాను. "నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడప పోవు బస్సు మూడో నంబరు ప్లాట్‌ఫారం నందు సిద్ధంగా ఉన్నది." రోజూ పిలిచేదే. ఎవరెవరో ఎక్కుతారు.

జూన్ 22, ఆదివారం

రాస్తాను. ఎవరికీ చెప్పలేదు, ఆయనకు కూడా.

ఆ రోజు అక్క ఫోన్ చేసింది. పొద్దున ఏడింటి నుంచి పదకొండింటి దాకా, తొమ్మిదిసార్లు. మైకు దగ్గర మోగితే గోల అని నేనే శబ్దం ఆపి సంచిలో వేశాను. మధ్యాహ్నం తెరిచి చూస్తే అన్నీ ఉన్నాయి, అమ్మ పోయిందన్న మెసేజీ కూడా. బస్సులో కూర్చుని ఒక్కొక్కటీ చెరిపేశాను. ఆళ్ళగడ్డ దాటేసరికి ఒక్కటీ మిగల్లేదు.

అంతా చెరిపేసుకుని పోయి అక్కను ఆ మాట అన్నాను.

అక్కకు తెలుసు తను చేసిందని. అందరి ముందరా ఒక్క మాట చెప్పి ఉంటే నా నోరు మూతపడేది. ఎందుకు చెప్పలేదు... ఇన్నేళ్లూ ఇదే నములుతున్నాను.

జూన్ 24, మంగళవారం

అక్కకు ఫోన్ చేశాను.

"ఎవరు?"

"నేనక్కా."

వెనక కోళ్ళ అరుపులు. ఫోను చెవికి అదిమి పట్టుకున్నాను.

"చెప్పు."

"చర్చి మెట్ల మీద ఫోటో... నీ కాడ ఉండాదా?"

"దేనికి?"

"పండ్లకు."

"పండ్లకా?"

అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. అరిగినాయి, డాక్టరమ్మ అడిగింది అన్నాను. "చూస్తాలే" అంది. పెట్టేసింది.

గొంతు మారలేదు. కొంచెం బొంగురు పోయింది, అంతే. పిల్లలెట్లున్నారని నేనూ అడగలేదు, తనూ అడగలేదు. అడిగి ఉంటే ఏమయ్యేది.

జూన్ 25

వాట్సాప్‌లో వచ్చింది. ఒక్క మాట కూడా రాయలేదు. ఫోటో అంచు దగ్గర అక్క బొటనవేలు పడింది. వేలి గోరు పసుపు రంగు. ఇంకా పసుపు పండిస్తున్నట్టుంది.

డాక్టరమ్మకు పంపించాను. నేను మాత్రం మళ్ళీ మళ్ళీ ఆ గోరే చూస్తున్నాను.

జూన్ 27

పళ్ళ అచ్చు తీశారు. నోటినిండా చల్లటి ముద్ద. మూడు నిమిషాలు కదలకూడదు. కళ్ళలో నీళ్ళు కారిపోయాయి. అది మందు వల్లే.

జూలై 3, గురువారం

ఇది ఎలా రాయాలో తెలియడం లేదు.

అసలువి పెట్టే ముందు ఎట్లుంటాయో చూడమని, నా పళ్ళ మీదే ఏదో తెల్లటి మందుతో ఆరు పళ్ళు పోసింది డాక్టరమ్మ. గట్టిపడ్డాక అద్దం చేతికిచ్చింది. "నవ్వండమ్మా."

నవ్వాను. అద్దంలో అక్క.

వెడల్పాటి ముందు పళ్ళు రెండు. వాటి పక్కన కొంచెం లోపలికి ఉన్నవి. వయసు మళ్ళిన అక్క నా మొహంలోంచి నన్ను చూసి నవ్వుతోంది. అద్దం ఒళ్ళో పడింది.

"నొప్పా అమ్మా?"

కంప్యూటర్లో ఫోటో చూపించమన్నాను. పెద్దది చేసి, కుడి పక్క పిల్ల నోటి మీద గీతలు గీసి కొలతలు తీసుకుని ఉన్నారు.

"నేను ఎడమ పక్కన ఉండే పిల్లను" అన్నాను.

పాపం, డాక్టరమ్మ మొహం మాడిపోయింది. "ఇద్దరూ ఒకే మాదిరి ఉండారు. అడగకుండా చేసినాను, తప్పు నాదేనమ్మా. ఇప్పుడే తీసేస్తా" అని చెయ్యి చాచింది. వద్దని నోరు మూసుకున్నాను.

"రెండు దినాలు ఉండనీ."

ఎందుకని అడగలేదు. మంచి పిల్ల.

జూలై 4

ఆయన అన్నం కలుపుతూ తలెత్తి చూశారు. చెయ్యి ఆగిపోయింది. "అచ్చం కరుణమ్మ మాదిరి ఉండావే."

ఆరేళ్ళ తర్వాత మా ఇంట్లో అక్క పేరు.

ఆయనకు అప్పుడు చెప్పాను. తొమ్మిది ఫోన్లూ. చెరిపేయడం. అంతా. అన్నం చల్లారిపోయింది. ఆయన తిట్టలేదు. "నాకు కాదు చెప్పాల్సింది" అన్నారు.

జూలై 5, శనివారం

మైకులో "శ్రీశైలం" బాగా పలికింది. ఎక్కడా గాలి పోలేదు. భోజనం వేళ గది తలుపేసుకుని చేతి అద్దం తీశాను. నవ్వాను. ఇంకోసారి. పలకరిస్తుందేమో అన్నట్టు చూస్తూ కూర్చున్నాను. "అక్కా" అన్నాను. అద్దంలో కదిలిన పెదాలు నావే.

ఇలా కాదు.

జూలై 7

తీసేయమన్నాను. చిన్న యంత్రంతో గీకేసింది. కింద నా పొట్టి పళ్ళు అలాగే ఉన్నాయి. పొరలు చేయించడానికి ఎడమ పక్క పిల్ల కొలతలతో మళ్ళీ ల్యాబుకు పంపించారు.

జూలై 19, శనివారం

అయిపోయింది. రెండు గంటలు. ఒక్కో పొరా అతికించి నీలం రంగు దీపం పెట్టారు. నావి చిన్న పళ్ళు, గుండ్రటి అంచులు. మర్చేపోయాను ఇలా ఉండేవని. డాక్టరమ్మ "ఇప్పుడు మీరే" అంది.

అన్నంలోకి పచ్చి ఉల్లిపాయ, మా ఎర్రగడ్డ, కొరకొచ్చా అని అడిగాను. ముందు పళ్ళతో గట్టివి కొరకొద్దంది.

మంగళవారం సెలవు అడిగాను.

జూలై 22, మంగళవారం

కడప బస్సు. పైన మైకులో వేరే అమ్మాయి గొంతు. నంద్యాల దాటాక కిటికీలోంచి వేడి గాలి. ఎక్కడా వాన పడిన గుర్తు లేదు. చెప్పాల్సిన మాటలు బస్సులో నాలుగు రకాలుగా అల్లుకున్నాను.

అక్క ఇంటి ముందర చేట పట్టుకుని నిలబడి ఉంది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నన్ను చూసి చేట దించలేదు.

"వచ్చినావా."

అల్లుకున్నవి ఒక్కటీ రాలేదు. వాకిట్లోనే చెప్పేశాను. "ఆ పొద్దు నువ్వు తొమ్మిదిసార్లు చేసినావు. నేను చూసినాను. చూసే నిన్ను అట్లంటిని."

అక్క చేటలో రాళ్ళు ఏరుతూనే ఉంది. ఒకటి, రెండు, పక్కకు పడేస్తోంది. తర్వాత అంది — "నాకు తెలీదనుకుంటివా?"

"మరి అందరి ముందర ఎందుకు చెప్పలేదు?"

"అమ్మ పోయిన దినం నీ మీద చెప్పాల్నా?"

లోపలికి పోయి అన్నం పెట్టింది. నేను తింటుంటే గడపలో కూర్చుంది, అటు తిరిగి. ఒక్కసారి మాత్రం నా నోటికేసి చూసింది. "బాగుండాయి" అంది. కళ్ళలోకి చూడలేదు.

క్షమించిందా... తెలియదు. అడగలేకపోయాను. ఆరేళ్ళు ఒక్క పూట అన్నంతో పోవు కదా. చెయ్యి పట్టుకుందామనుకున్నాను. అక్క తడి చెయ్యి, కడిగిన కంచం పట్టుకుని ఉంది.

బస్సు దాకా వచ్చింది, నాలుగడుగులు వెనకగా. నేను ఎక్కి కూర్చున్నాక కిటికీ దగ్గర నిలబడి, నాతో కాదన్నట్టు అంది —

"వచ్చే ఆదివారం అమ్మ సమాధికి సున్నం కొడ్తాండాము."

రమ్మనలేదు. రావద్దనీ అనలేదు. బస్సు కదిలింది.

ఆదివారం నాకు డ్యూటీ ఉంది. రేపు పొద్దున పోగానే ఎవరినైనా మార్చుకోమని అడగాలి.