మైకు లేని పాట

కృష్ణగిరి
13-1-2003

రాయకోటలో ఉన్న అన్నయ్యకు,

నీకు చెప్పకుండా చేసినందుకు మన్నించు. గొంతు ఆపరేషన్ అయ్యాక నువ్వు పాడొద్దన్న మన పుష్పావతి, రెండేళ్ల తర్వాత నిన్న ఇక్కడి పాత చర్చిలో పాడింది. ఈ నెలంతా ఆదివారం సాయంత్రాలు అక్కడ కర్ణాటక సంగీత కచేరీలు జరుగుతున్నాయి.

రెండో కీర్తన మధ్యలో కరెంటు పోయి మైకు ఆగిపోయింది. నేను చివరి బల్ల మీద కూర్చున్నాను. పుష్పావతి మాత్రం పాట ఆపలేదు. ఎత్తయిన ఆ కప్పు కింద దాని గొంతు సన్నగా, తేటగా నా దాకా వచ్చింది. ఫాదర్‌గారు కళ్లు మూసుకుని విన్నారు.

కచేరీ కాగానే నా దగ్గరికి వచ్చి, “అక్కా, ఈడ దాకా వినపడిందా?” అంది.

“అంతా వినపడిందమ్మా.”

“నాకేం కాలేదని అన్నకు రాయి. ఆపకుండా పాడినానని కూడా రాయి.”

రాశాను అన్నయ్యా. ఇక నువ్వు నిశ్చింతగా ఉండు.

నీ చెల్లెలు