బీడీ కత్తెరతో తీసిన గోళ్లు

జూన్ 12
పొద్దుటి నుంచి ముసురు. చుట్టిన బీడీలు మెత్తబడుతున్నాయి, పొయ్యి పక్కన ఆరబెట్టాను. ఆయన దుబాయ్ నుంచి వచ్చి వారం. ఇంట్లో కూడా సాక్సులు తీయడు. పడుకున్నా అంతే. అడిగితే, "సల్లగున్నది."

జూన్ 15
సిరిసిల్ల. ఆడబిడ్డ వాకిట్లోనే చెంబుతో కాళ్లకు నీళ్లిచ్చింది. ఆయన తీసుకోలేదు.
"ఏందిరా తమ్మీ, దుబాయికి పోయినంక కాళ్లు గూడ కడుక్కోవా?"
అందరూ నవ్వారు. ఆయన బయటే కుర్చీలో కూర్చుని తిన్నాడు. ఇంటికొచ్చాక సాక్సులు నేనే లాగాను. రెండు కాళ్ల బొటనవేళ్లూ — గోళ్లు పచ్చగా, మందంగా, కింద పొడి. ఏళ్ల తరబడి సేఫ్టీ బూట్లు. "ఎవ్వరికి జెప్పకు."

జూన్ 17
జగిత్యాల. ఫంగస్ అన్నాడు డాక్టర్. రక్తపరీక్ష చేసి మాత్రలు రాశాడు, మూడు నెలలు మానొద్దట. గోళ్లు కత్తిరించి, అరగదీసి, వారానికోసారి పూత మందు. కాళ్లు తడి లేకుండా. కట్టర్ ఎవరిది వాళ్లదే. కొత్త గోరు పూర్తిగా రావాలంటే ఏడాది పైనే.
సెలవు ఆగస్టు దాకే. ఏడాది అన్న మాట నాకు చెడ్డగా అనిపించలేదు.

జూన్ 18
కట్టర్‌కు ఆ గోళ్లు పట్టలేదు. బీడీ కత్తెరతో తెగాయి. ఆయన కాలు నా ఒళ్లో... పెళ్లైనప్పటి నుంచి ఇదే మొదలు.
"నొస్తున్నదా?"
"లేదు."
కత్తెర నీళ్లతో కడిగి ఆకు కోసుకున్నాను.

జూలై 2
పూత. ఆ కాసేపే ఆయన ఫోను పక్కన పెడతాడు.

జూలై 9
పూత.

ఆగస్టు 6
గోరు మొదట్లో సన్నగా తేట గీత. చూపించాను. నవ్వాడు. అడిగేశాను — "గోరు మొత్తం అచ్చేదాక ఉండరాదు?"
"గోరు కోసం ఎవడన్న నౌకరి ఇడుస్తడానే?"
మళ్లీ ఫోను.

ఆగస్టు 14
పక్కింటి రాజవ్వతో కూర్చుని బీడీలు చుడుతుంటే నా చేయి పట్టుకుంది. "గీ గోరేంది చెల్లె, గిట్ల పచ్చగైంది?" కుడి బొటనవేలు. బీడీ మూతి మడిచేది దానితోనే. ఆకు రంగు అన్నాను.
"ఆకు రంగు గోరు కిందికి పోతదా? నా బీడీల చేట ముట్టకు."
నవ్వుతూనే అంది. చేట మాత్రం జరుపుకుంది.
కత్తెర. డాక్టర్ ఎవరిది వాళ్లదే అన్నది కట్టర్ గురించే అనుకున్నాను, కత్తెర గుర్తే రాలేదు. చేతులేమో రోజంతా తడి ఆకులోనే.

ఆగస్టు 20
ఎడమ చేత్తో పూశాను.
"గట్ల పూస్తున్నవేంది?"
"చేయి నొస్తున్నది."
చెబితే ఆగుతాడేమో. చెప్పినా ఆగకపోతే —

ఆగస్టు 27
కోరుట్లలో పెద్ద కట్టర్ కొన్నాను. మిగిలిన మాత్రలు, పూత, నూలు సాక్సులు బ్యాగులో పెట్టాను.
"గాడ ఎవరు రాస్తరు?" అన్నాడు, బ్యాగు వైపు చూస్తూ.
నా గోరు సంగతి నోటిదాకా వచ్చింది. బ్యాగు జిప్పు లాగేశాను.

ఆగస్టు 28
ముసురు. ఆకు నానబెట్టలేదు. రాజవ్వ బీడీలకు పిలవలేదు. ఆయన ఐదింటి బస్సుకు వెళ్లాడు.