ఫూజీ ముందు వదిలిన చోటు

ఏమండీ,

ఫూజీ పర్వతాన్ని చూడలేదు కానీ, దాని దాకా వెళ్లొచ్చాను. హైదరాబాద్‌లో మీ సంవత్సరీకం అయ్యాక అమెరికాకి తిరిగొస్తుంటే, టోక్యోలో ఒక రోజు ఆగేలా మన స్వాతే టికెట్ తీసింది. "నాన్న చూడాలనేవారు కదమ్మా, బస్ టూర్ బుక్ చేశాను" అంది. వద్దనే ఓపిక కూడా లేకపోయింది.

గైడ్ పిల్ల చిన్న జెండా పట్టుకుని ముందు పరుగెడుతుంటే, కాళ్లు ఈడ్చుకుంటూ నేను వెనక. సరస్సు దగ్గర దిగేసరికి కొండంతా మబ్బు. అది తన తప్పే అయినట్టు ఆ పిల్ల వంగి వంగి సారీ చెప్పింది. మీరుంటే పులిహోర డబ్బా తన చేతిలో పెట్టి ఊరుకోబెట్టేవారు. నేను బెంచీ మీద కూలబడ్డాను. బస్సెక్కే ముందు నన్ను లేపి, నా ఫోన్‌తో తనే ఒక ఫొటో తీసింది.

నిన్న ప్లెయిన్స్‌బరో ఇంట్లో స్వాతి అది చూసి, "ఏంటమ్మా, ఇలా ఓ మూలకెళ్లి నిల్చున్నావ్? మిడిల్ అంతా ఖాళీ" అంది.

నయాగరా దగ్గరైనా, గ్రాండ్ క్యాన్యన్ దగ్గరైనా నడుం మీద చేతులేసుకుని నట్టనడుమ నిలబడి, వెనకున్నదంతా కప్పేసేవారు మీరు. పక్కన మిగిలిన చోట నేను ఒదిగేదాన్ని. మొన్న కూడా కాళ్లు వాటంతటవే అక్కడికే వెళ్లాయి.

"మబ్బు తొలిగితే కొండ పడుతుందనుకున్నాలే" అన్నాను.

"పోనీ, క్రాప్ చేసేయనా?"

"వద్దమ్మా. ఉండనీ."