నల్లి చేరని దిండు

అమ్మా, నేను బాగానే ఉన్నాను. ఈ కార్డు అందగానే నాన్న తలకింద దిండు తీసెయ్యి. దులపకు, విప్పకు. నీళ్ళు చల్లి, ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి, పెరట్లో ఓ మూల పెట్టు.

సంగతేమిటంటే, ఇక్కడి ముసలి బాయిలర్లు తిన్న బొగ్గుకి తగ్గ ఆవిరి ఇవ్వడం లేదు. వేడి ఎక్కడ పోతోందో కనిపెట్టడం మా పని. ఇవాళ ఒకదాని పైరేకు విప్పించాం. వేడిని ఆపే తెల్లటి పొర లోపల సగానికి సగం లేదు. ఏమైందని అడిగితే ఫిట్టరు నవ్వేశాడు.

"ఏమవుతుందమ్మా, మా ఇళ్ళల్లో దిళ్ళలోకి పోయింది. దూదిలా మెత్తగా ఉంటుంది, నల్లి కూడా చేరదు!"

అది దూది కాదమ్మా, రాతినార, అదే ఆస్‌బెస్టాస్. దాని నుసి ఊపిరితిత్తుల్లోకి దిగితే మళ్ళీ బయటికి రాదు. నాన్న బాయిలర్ పని మానేసిన రోజు తెచ్చుకున్న దిండుని మెచ్చుకుంటూ అన్నదీ అచ్చం ఇదే మాట!

చుట్ట మానేసినా దగ్గు తగ్గలేదని, చాటుగా కాలుస్తున్నారని ఆయన్ని సాధిస్తున్నావు కదా. ఇక సాధించకు. రేపే ఎక్స్‌రే తీయించు. బాయిలర్ పని సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పు.

కుళాయి కారడం ఆగిందా? చెల్లి పరీక్షలెలా రాసింది? దానికి నా దీవెనలు. దిండేదని నాన్న గొడవచేస్తే, పెద్దది పట్టుకుపోయిందని చెప్పు.

నల్లికున్నపాటి తెలివి మనకి లేకపోయిందే అమ్మా.

నీ పెద్దకూతురు