పేరు చెరపని ఫిర్యాదు

రామ్మూర్తీ,

నువ్వు పోయి ఏడాదైంది. సౌదీలోని అభాలో మన లాయరు ఆఫీసులో నీ కుర్చీలో ఇప్పుడు కిరణ్ అనే మేధావి కూర్చుంటున్నాడు. కూలీల ఫిర్యాదును అరబిక్ అనువాదానికి పంపేముందు నువ్వు పేరు మీద నల్లసిరా పూసేవాడివి. ఈ మహానుభావుడు తనను పనికి తెచ్చుకున్న యజమాని కఫీల్‌పై కూలీ మల్లయ్య ఇచ్చిన ఫిర్యాదును పేరు, ఇఖామా అనే నివాస కార్డు నంబరుతో సహా ఊరికే దొరికే ఏఐలో అనువాదానికి పోశాడు.

"అది మిషన్ అంకుల్, ఎవరికి చెప్తుంది?" అన్నాడు.

ఏఐ మీద నాకు పగ లేదు. పేర్లు తీసేసి, ఆఫీసు డబ్బు కట్టి తీసుకున్న ఖాతాలోనే వాడమన్నాను. నవ్వాడు.

మల్లయ్య ఇంకా ఆ కఫీల్ నడిపే కూలీల క్యాంపులోనే పడుకుంటున్నాడు. నిన్న వచ్చి, "సారూ, నా పేరు బయటికి పోలే గద?" అని అడిగాడు.

కిరణ్ నా వైపు చూశాడు. నువ్వైతే రాస్తున్న కాగితం మీంచి తలెత్తకుండానే "పోలేదురా" అనేవాడివి.