ఏడాది ఎక్కువ

జూన్ 12. ఉదయం నుంచి ముసురు. కుట్టుమిషన్‌కు నూనె వేశాను.

అక్కా,

పాప పరీక్ష ఏమైందని అడిగావు. తెలివైన పిల్లల కోసం ప్రభుత్వం పెట్టిన బడిలో పదకొండు నిండనివాళ్లనే తీసుకుంటారు. మన పాపకు పదేళ్లే. కాగితం మీద మాత్రం పదకొండు దాటాయి. నాలుగేళ్లకే చదవడం వచ్చేసిందన్న సంబరంలో, అయిదు నిండాయని రాయించి బడిలో వేసింది నేనే. ఇంట్లో పుట్టిన పిల్ల కనుక వేరే కాగితం లేదు.

ఆ బడి ప్రవేశ పరీక్షకు దరఖాస్తు ఇవ్వబోతే, అక్కడి గుమాస్తా ఫైలు మూసేసి, "పిల్ల తెలివైనదే, కాదన్నదెవరు? తొందరపడింది నువ్వు. ఈ సంతకం నీదేగా?" అన్నాడు.

"నాదేనండి."

"అయితే ఓ ఏడాది తగ్గి రమ్మనవయ్యా పిల్లని" అని పక్కనున్నాయన నవ్వాడు.

పాపకు చెప్పలేకపోయాను. పరీక్ష వాయిదా పడిందన్నాను. అది పాత ప్రశ్నపత్రాలన్నీ చేసేసి, ఇంకా తెమ్మంటే నిన్న రెండు తెచ్చిచ్చాను.

"ఇవి మరీ తేలిక నాన్నా. ఇలాంటివే ఇస్తే పరీక్షలో నాకు నవ్వొస్తుంది" అంది.

నేనూ నవ్వాను. ఆ పరీక్ష మొన్న ఆదివారమే అయిపోయింది.

ఇప్పుడు గుమ్మంలో నిలబడి, చేసిన లెక్క సరిచూడమంటోంది. నాకు రాని లెక్క అది. సాయంత్రానికి గుండీలు కుట్టాల్సిన చొక్కాలున్నాయన్నాను.